దగ్షాయి నుంచి అమ్మకు: జేమ్స్ డాలీ, కన్నాట్ రేంజర్ల తిరుగుబాటు

తెలుగువారికి ఐర్లండ్ అనగానే గుర్తుకు వచ్చే పేరు వరాహగిరి వెంకటగిరి. 1913లో న్యాయశాస్త్రం చదువుకోవడానికి బరంపురం నుంచి డబ్లిన్ వెళ్లిన ఆ యువకుడు, 1916 ఈస్టర్ తిరుగుబాటు దరిమిలా దేశం విడిచిపొమ్మన్న ఉత్తర్వు అందుకుని తిరిగివచ్చాడు. ఆ కథ మనలో చాలామందికి తెలిసినదే. దానికి ఎదురు దిశలో నడిచిన కథ ఒకటుంది. ఐర్లండ్ నుంచి బ్రిటిష్ పటాలంలో సైనికుడిగా మన దేశానికి వచ్చిన ఒక కుర్రవాడు తన దేశం కోసం ఇక్కడ తిరగబడి, సిమ్లా కొండల దాపున దగ్షాయి జైలులో 1920 నవంబరు 2న తుపాకీ గుండ్లకు బలైపోయాడు. పేరు జేమ్స్ జోసెఫ్ డాలీ. అర్ధశతాబ్ది తర్వాత, 1970లో, అతని అస్థికలను ఐర్లండ్ తీసుకువెళ్లారు. అప్పటికి భారత రాష్ట్రపతి వి.వి. గిరి. ఇది కాకతాళీయమే కాని, డబ్లిన్ వీధులు ఎరిగిన మనిషి రాష్ట్రపతి భవనంలో ఉండగా ఆ పేటికలు బయలుదేరాయన్న సంగతి తెలుగు పాఠకుడికి పట్టకుండా ఉండదు.

కన్నాట్ రేంజర్ల తిరుగుబాటుగా పేరుపడ్డ ఈ ఘటనను ఐర్లండ్ చరిత్రకారులు స్వాతంత్ర్య సమరంలో ఒక అధ్యాయంగానూ, బ్రిటిష్ సైనిక చరిత్రకారులు క్రమశిక్షణ చెడిన ఉదంతంగానూ రాశారు. శామ్ పోలక్ పుస్తకం 1969లో, న్యాయమూర్తి ఆంథొనీ బాబింగ్టన్ పుస్తకం 1991లో వెలువడ్డాయి. ఈ వ్యాసంలో నా దృష్టి మరొకచోట ఉంది. బ్యారక్సులో బతికే కుర్ర సైనికుడికీ సముద్రాల అవతలి ఇంటికీ నడుమ ఉన్న ఒకే ఒక దారం ఉత్తరం. ఈ తిరుగుబాటును రగిలించినవి ఇంటినుంచి వచ్చిన ఉత్తరాలు. చివర మిగిలింది ఇంటికి వెళ్లిన ఒక ఉత్తరం. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే, వీరగాథలో ఇమడని మనిషి ఒకడు కనిపిస్తాడు.

కూటి కోసం పటాలం

కన్నాట్ అంటే ఐర్లండ్ పడమటి సీమ. గాల్వే, మేయో, రాస్‌కామన్, స్లైగో, లీట్రిమ్ అనే అయిదు కౌంటీలు. రాళ్లనేల, ఎడతెగని వాన, బంగాళాదుంప మీద బతుకు. 1845లో మొదలైన మహాక్షామం దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా కబళించింది ఈ సీమనే. ఇక్కడి నుంచి మనుషులు వెళ్లడానికి రెండే దారులు ఉండేవి: అమెరికా ఓడ, లేదా రాజుగారి పటాలం. 1793లో ఏర్పడిన కన్నాట్ రేంజర్లకు గాల్వే ఊరి చెంతనున్న రెన్‌మోర్ బ్యారక్సు స్థావరం. 1830 నాటికి బ్రిటిష్ సైన్యంలో ప్రతి వందమందిలో నలభైమందికి పైగా ఐరిష్ వారే. దీన్ని రాజభక్తి అనుకుంటే పొరపాటు. కోటి విద్యలు కూటి కొరకే అన్న సామెత మనదే అయినా దాని భావం గాల్వేలోనూ అందరికీ తెలుసు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పిలిపించుకుంటున్న ఊరిని ఎరిగినవారికి, తరతరాలుగా పటాలం మీద ఆధారపడే పల్లె అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఈ రాకపోకలకు తెలుగునేలతోనూ పాత సంబంధం ఉంది. 1758 డిసెంబరులో చెందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించి, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకున్న కంపెనీ సేనాని ఫ్రాన్సిస్ ఫోర్డ్ ఐర్లండ్‌లోని డౌన్ కౌంటీ వాడు. ఆనాడు అతని వెంట నడిచిన కంపెనీ తెల్ల పటాలం పేర్లు మారుతూ మారుతూ 1881లో రాయల్ మన్‌స్టర్ ఫ్యూసిలియర్స్ అనే ఐరిష్ రెజిమెంటులో కలిసింది. ఆ రెజిమెంటు గెలుపుల జాబితాలో చెందుర్తి, మచిలీపట్నం పేర్లు చివరిదాకా నిలిచే ఉన్నాయి. గొల్లప్రోలు పక్కనున్న మన పల్లె పేరు ఐర్లండ్ రైతుబిడ్డల పటాలం కీర్తిలో భాగమైందన్నమాట. సామ్రాజ్యం చిత్రమైన చుట్టరికాలు కలుపుతుంది.

డాలీ గాల్వే కౌంటీ బాలిమోలో పుట్టి, వెస్ట్‌మీత్ కౌంటీలోని టిరెల్స్‌పాస్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. అతను చేరిన మొదటి బెటాలియన్‌కు భారతదేశం కొత్త కాదు. 1914 ఆగస్టులో యుద్ధం వచ్చేనాటికి ఆ బెటాలియన్ ఫిరోజ్‌పూర్‌లోనే ఉంది. లాహోర్ డివిజన్‌లో భాగంగా, భారతీయ సిపాయి పటాలాలతో కలిసి ఫ్రాన్సు కందకాలకు వెళ్లింది. తర్వాత మెసొపొటేమియా, పాలస్తీనాల మీదుగా తిరిగి, యుద్ధానంతరం మళ్లీ పంజాబుకే వచ్చింది. ముఖ్య స్థావరం జలంధర్‌లోని వెల్లింగ్టన్ బ్యారక్సు. కొన్ని కంపెనీలను వేసవి విడిదిగా సోలన్, జుతోఘ్ కొండలకు పంపారు. డాలీ సోలన్‌లో ఉన్నాడు.

జలంధర్ ఎండలు

పంజాబు కంటోన్మెంటులో తెల్ల సైనికుడి వేసవి దినచర్య వింతగా ఉండేది. సూర్యుడు పైకెక్కకముందే పెరేడు, కవాతు ముగించాలి. ఆపైన సాయంత్రం దాకా పెద్ద పెద్ద బంగళాల్లో తలుపులు బిగించుకుని మంచాల మీద పడి ఉండాలి. తల మీద టోపీ లేకుండా ఎండలోకి రావడమే నేరం. పైన పంకా ఊగుతుంటుంది. పక్కనే చాయ్‌వాలా కేక. తెల్లవారకముందే వచ్చి, నిద్రపోతున్నవాడికి మంచంమీదే గడ్డం గీసి వెళ్లే మంగలి, బట్టలు తీసుకుపోయే చాకలి, వంటపాకలో మనుషులు, అందరూ భారతీయులే. ఊళ్లో ఇంకొకరి పొలంలో కూలికి వెళ్లవలసిన కుర్రవాడు ఇక్కడ సాహెబు అయిపోయాడు. సాహెబుతనం వల్ల ఒరిగినది మాత్రం రోజుకు పది గంటల గది నిర్బంధం, మలేరియా, టైఫాయిడు భయం, సాయంత్రం కాంటీనులో బీరు, ఆ తర్వాత పాటలు.

ఇలాంటి జీవితంలో మనిషికి పొద్దు గడవదు. పని ఉన్న సైనికుడి కన్నా పనిలేని సైనికుడికి ఇల్లు ఎక్కువ గుర్తుకొస్తుంది. టపా వచ్చిన రోజు పండుగ. లండన్ నుంచి బొంబాయికి ఓడలో ఉత్తరం చేరడానికి సుమారు మూడు వారాలు పట్టేది. అంటే ఏ వార్తైనా జరిగిన మూడు వారాలకు పైచిలుకు తర్వాతే తెలుస్తుంది. చెల్లెలికి జ్వరమని చదివేసరికి ఆమె లేచి తిరుగుతూ ఉండవచ్చు, లేదా లోకంలోనే లేకపోవచ్చు. చదువుతున్నది గతమని తెలుసు, వర్తమానం తెలియదు. ఊహ అక్కడే పెరుగుతుంది. ఒకరికి వచ్చిన ఉత్తరం పదిమంది వినడం, వార్తాపత్రిక ముక్క చేతులు మారడం అన్ని బ్యారక్సుల్లోనూ ఉన్నదే.

ఉత్తరం ఎంత ప్రమాదకరమో బ్రిటిష్ సైన్యానికి అంతకుముందే తెలుసు. 1914-15లో ఫ్రాన్సులో పోరాడిన భారతీయ సిపాయిల ఉత్తరాలను చదవడానికి ప్రత్యేకంగా ఒక సెన్సారు కార్యాలయాన్నే పెట్టారు. ఆ సిపాయిలు నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్ర మిరపకాయలు వాడుతున్నారు అని రాసేవారు. నల్లవాళ్లు చచ్చారు, ఇప్పుడు తెల్లవాళ్లను పంపుతున్నారని దాని అర్థం. అధికారుల కలవరమంతా యుద్ధభూమి సంగతులు పల్లెలకు పాకుతాయేమోనని. అదే లాహోర్ డివిజన్‌లో ఆ సిపాయిల పక్కనే పోరాడిన కన్నాట్ రేంజర్లకు అయిదేళ్ల తర్వాత జరిగింది దీనికి తిరగేసిన కథ. ఇక్కడ నిప్పు పల్లె నుంచి పటాలానికి వచ్చింది.

అదే ఖాకీ

ఇంట్లో ఏం జరుగుతోంది? 1919 జనవరి 21న డబ్లిన్‌లో తొలి స్వతంత్ర శాసనసభ సమావేశమైంది. అదే రోజు టిప్పరరీ కౌంటీ సొలొహెడ్‌బెగ్‌లో ఇద్దరు పోలీసులను వాలంటీర్లు కాల్చిచంపారు. అక్కడి నుంచి గెరిల్లా పోరు రాజుకుంది. 1920 మార్చి 20న కార్క్ నగర మేయరు తొమాస్ మాకర్టన్‌ను ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు. ఆ నెలాఖరుకు బ్రిటన్‌లో చేర్చుకున్న కొత్త పోలీసులు ఐర్లండ్‌లో దిగడం మొదలైంది. సరిపడా యూనిఫారాలు లేక సైన్యపు ఖాకీని, పోలీసుల ముదురు రంగు దుస్తులను కలిపి తొడిగినందువల్ల వారికి బ్లాక్ అండ్ టాన్స్ అన్న పేరు వచ్చింది. ఏప్రిల్ 14న క్లేర్ కౌంటీలోని మిల్‌టౌన్ మాల్బేలో, నిరాహారదీక్ష చేసిన ఖైదీల విడుదలకు సంతోషిస్తూ గుమిగూడిన జనం మీద పోలీసులు, సైనికులు కాల్పులు జరిపి ముగ్గురిని చంపారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తిరుగుబాటు సైనికులు వయసు మళ్లాక చెప్పిన జ్ఞాపకాల్లో, తమను కదిలించినవి బ్లాక్ అండ్ టాన్స్ దౌష్ట్యాలను గురించిన ఉత్తరాలేనని పదేపదే వస్తుంది. కాని ఆ దళం పేరును శాశ్వతంగా చెడగొట్టిన ఘటనలు, సెప్టెంబరు 20న బాల్‌బ్రిగన్ ఊరిని తగలబెట్టడం, డిసెంబరులో కార్క్ నగర దహనం, జూన్ నాటికి ఇంకా జరగలేదు. జ్ఞాపకం కాలాలను కలిపేస్తుంది. తర్వాత తెలిసిన పెద్ద పేరును ముందు జరిగిన వాటికీ తగిలిస్తుంది. అంతమాత్రాన వారి మాట అబద్ధం కాదు. సోదాలు, అరెస్టులు, కాల్పులు అప్పటికే ఊరూరా జరుగుతున్నాయి. వాటికి ఏ పేరు పెట్టినా, వాటిని చేస్తున్నవారి ఒంటిమీద ఉన్నది ఖాకీ.

నా దృష్టిలో అసలు మెలిక ఇక్కడే ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఐర్లండ్ నుంచి సుమారు రెండు లక్షలమంది బ్రిటిష్ సేనల్లో పనిచేశారు. వారి ఇళ్లలో ఆడవాళ్లకు ప్రభుత్వం భత్యం ఇచ్చేది. 1916లో లొంగిపోయిన తిరుగుబాటుదారులను డబ్లిన్ వీధుల్లో తిట్టిపోసినవారిలో ఈ భత్యం మీద బతికే తల్లులూ భార్యలూ ఉన్నారు. కొడుకు కందకంలో ఉండగా ఇక్కడ అదే సైన్యం మీద కాల్పులు జరిపితే వారికి కోపం రాదా? నాలుగేళ్లలో గాలి మారిపోయింది. ఇప్పుడు ఆ వీధిలోనే ఖాకీ తొడిగినవాడు శత్రువు. కొడుకు పంపే డబ్బు, కొడుకు తొడిగిన బట్ట, తలుపు తన్నే బూటు, అన్నీ ఒకే ప్రభుత్వానివి. అలాంటి ఇంటినుంచి వచ్చే ఉత్తరంలో నింద ఒక్కమాటైనా ఉండనక్కరలేదు. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు, నువ్వు ఎవరి పక్షాన ఉన్నావురా అన్న ప్రశ్న చదివేవాడికి దానంతట అదే వినిపిస్తుంది.

జోసెఫ్ హాస్ ఈ ప్రశ్నను ఉత్తరంలో చదవలేదు, కళ్లారా చూశాడు. క్లేర్ కౌంటీ కిల్‌రష్‌కు చెందిన అతను 1919 అక్టోబరులో సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు, హర్లింగ్ ఆట జరగకుండా సైనికులు బాయినెట్లు చూపి ఆపడం చూశాడు. హర్లింగ్ అంటే కర్రలతో ఆడే బంతి ఆట. మన పల్లెలకు చెడుగుడు ఎంతో వారికి అది అంత, ఇంకా ఎక్కువ కూడా. చిన్న దేశాల విముక్తి కోసం యుద్ధమని చెప్పి 1914లో తమను చేర్చుకున్నారు, తీరా తన చిన్న దేశం విషయానికి వచ్చేసరికి అవి ఒట్టి మాటలని తేలింది అన్నది హాస్ తర్వాతి రోజుల్లో చెప్పిన మాటల సారాంశం.

జూన్ 28

1920 జూన్ 28, సోమవారం. హాస్, పాట్రిక్ గొగార్టీ, క్రిస్టఫర్ స్వీనీ, స్టీఫెన్ లాలీ మొదలైన కొద్దిమంది జలంధర్‌లో కాపలాగదికి నడిచివెళ్లి, ఐర్లండ్‌లో జరుగుతున్నదానికి నిరసనగా ఇకపై రాజుగారి సైన్యంలో పనిచేయము, మమ్మల్ని బంధించండి అన్నారు. తిరుగుబాటు అంటే ఆయుధం ఎత్తడమని మనకు అలవాటైన ఊహ. ఇది ఆయుధం దించడం. సహాయ నిరాకరణ అన్న మాట అప్పటికింకా కాంగ్రెసు తీర్మానాల్లోకి ఎక్కలేదు. ఉద్యమం మొదలైంది ఆగస్టు 1న. దానికి నెల ముందు పంజాబు బ్యారక్సులో తెల్ల సైనికులు చేసినది దాదాపు అదే పని.

వార్త పాకింది. గంటల్లో వందలమంది చేరారు. కమాండింగ్ ఆఫీసరు కల్నల్ డీకన్ రెజిమెంటు గెలుపులన్నీ ఏకరువు పెట్టి కంటతడి పెట్టించేలా మాట్లాడాడట. ఆ గెలుపులన్నీ ఇంగ్లండ్ కోసం సాధించినవే, ఐర్లండ్ కోసం ఒక్కటీ లేదు, ఇవాళ ఆ ఒక్కటీ చేరుతుంది అని తాను జవాబిచ్చినట్టు హాస్ చెప్పుకున్నాడు. అంత చక్కని జవాబు అక్కడికక్కడే పుట్టిందో, తర్వాత చెప్పగా చెప్పగా నునుపుదేలిందో గాని, సారం మాత్రం ఆ రోజుదే. సైనికులు ఏడుగురితో కమిటీ వేసుకున్నారు. కాపలాలు తామే చూసుకున్నారు. జలంధర్ బజారులో గుడ్డ కొని ఆకుపచ్చ, తెలుపు, నారింజ రంగుల జెండా కుట్టించి ఎగరేశారు.

జెండా దగ్గర తెలుగు పాఠకుడికి ఒక ఊహ తటాలున తోస్తుంది. తొమ్మిది నెలల తర్వాత బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చాడు. దానిలో రాట్నం ఉండాలన్న సూచన చేసిన లాలా హంసరాజ్ జలంధర్ మనిషి. ఈ రెంటికీ ముడివేసి ఒక కథ అల్లాలని ఎవరికైనా అనిపించవచ్చు. ముడి వేయడానికి ఆధారం లేదు. వేయకపోవడమే మర్యాద.

ముడి వేయదగినవి వేరే ఉన్నాయి. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్ అమృత్‌సర్‌కు వచ్చింది ఈ జలంధర్ కంటోన్మెంటు నుంచే. అతను అక్కడి బ్రిగేడుకు అధిపతి. చదువుకున్నది కార్క్ కౌంటీలోని మిడిల్‌టన్ కాలేజీలో. అతణ్ణి వెనకేసుకొచ్చిన పంజాబు లెఫ్టినెంట్ గవర్నరు మైకేల్ ఓడ్వయర్ టిప్పరరీలో పుట్టిన ఐరిష్ కాథలిక్. డయ్యర్ మీద బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభలో చర్చ జరిగినది 1920 జూలై 8న, అంటే కన్నాట్ రేంజర్ల తిరుగుబాటు అణగిన వారం లోపునే. పంజాబును నెత్తుట ముంచిన పాలనలోనూ ఐరిష్ వారున్నారు, ఆ పాలనకు పనిచేయమన్నవారిలోనూ ఐరిష్ వారున్నారు. కాబట్టి ఐరిష్ సైనికుడికీ భారతీయుడికీ సహజ మైత్రి ఉందని పెద్ద మాటలు చెప్పడం తగదు. ఇక్కడ మనం చేస్తున్నదీ అక్కడ మనవాళ్ల మీద జరుగుతున్నదీ ఒకటే గదా అన్న గ్రహింపు వారిలో కొందరి జ్ఞాపకాల్లో కనిపిస్తుంది. అది నిజమే కావచ్చు. కాని ఆ నాలుగు రోజుల్లో వారు అడిగినది ఐర్లండ్ గురించే. పంకా లాగే మనిషి గురించి కాదు.

జలంధర్‌లో రక్తపాతం లేకుండా ముగిసింది. సౌత్ వేల్స్ బోర్డరర్స్, సీఫోర్త్ హైలాండర్స్ పటాలాలు వచ్చి చుట్టుముట్టాయి. తిరగబడ్డవారిని ఎండలో ముళ్లకంచె వేసిన తాత్కాలిక శిబిరానికి తరలించారు. ఒక దశలో కాల్చమని అధికారి ఆజ్ఞ ఇవ్వబోతే ఫాదర్ లివెన్స్ అడ్డంగా నిలబడ్డాడని హాస్ వాంగ్మూలం.

సోలన్‌లో అలా ముగియలేదు. ఇద్దరు సైనికులు జలంధర్ నుంచి రైలెక్కి ఆ వార్త అక్కడికి మోసుకెళ్లారు. డాలీ నాయకత్వంలో సుమారు నలభైమంది విధులు మానేసి, తమ బంగళా మీద మూడు రంగుల జెండా ఎత్తారు. ఫాదర్ బేకర్ నచ్చజెప్పగా తుపాకులను ఆయుధాగారంలో అప్పగించేశారు. అక్కడితో ఆగి ఉంటే డాలీ బతికేవాడు. జూలై 1 రాత్రి అతను కొందరిని వెంటబెట్టుకుని, బాయినెట్లు మాత్రమే చేతబట్టి, ఆ ఆయుధాగారం మీదికే నడిచాడు. కాపలావారు ఎవరని గద్దిస్తే తన పూర్తి పేరుతోపాటు ఊరు టిరెల్స్‌పాస్, కౌంటీ వెస్ట్‌మీత్ అని కూడా చెప్పాడని ఒక కథనం. ఆ చీకట్లో, ఆ కొండమీద, ఆ ఊరి పేరు ఎవరికి కావాలి? మన పల్లెల్లోనూ తనెవరో చెప్పుకునేవాడు ఊరి పేరు చెప్పకుండా ఉండడు. అధికారులు కాల్చారు. మేయో కౌంటీ నీల్ గ్రామానికి చెందిన పీటర్ సియర్స్, ద్రోగెడాకు చెందిన పాట్రిక్ స్మిత్ చనిపోయారు.

తల్లికి

1849లో కట్టిన దగ్షాయి సైనిక కారాగారంలో ఆగస్టు నెలాఖరు నుంచి విచారణలు జరిగాయి. పదిమందికి పైగా మరణశిక్ష పడింది. ప్రధాన సేనాని సర్ చార్లెస్ మన్రో ఒక్క డాలీ శిక్షను తప్ప మిగిలినవన్నీ యావజ్జీవ కారాగారంగా మార్చాడు. అమృత్‌సర్ గాయం పచ్చిగా ఉన్న రాష్ట్రంలో, భారతీయ సిపాయిలు గమనిస్తూ ఉండగా, తిరగబడ్డ తెల్ల సైనికులందరినీ ప్రాణాలతో వదిలేస్తే రేపు సిపాయిలను ఏ ముఖంతో కాల్చిచంపగలరు? ఆ ప్రభుత్వానికి ఒక్క శవమైనా అవసరమైంది. ఆయుధాగారం మీదికి దారితీసినవాడు అందుకు చేతికి దొరికాడు.

మరణశిక్ష వార్త తల్లికి తెలపడానికి డాలీ రాసిన ఉత్తరం ఐర్లండ్‌లో పలుమార్లు అచ్చయింది. మంగళవారం పొద్దున, నవంబరు 2న నన్ను కాల్చేస్తారు అని నేరుగా మొదలుపెట్టాడు. అయితే ఏమైంది, అంతా ఐర్లండ్ కోసమేగా అన్నాడు. చావంటే భయం లేదు, నీ గురించే నా దిగులు అన్నాడు. మతాచార్యుడు తోడుగా ఉన్నాడని, తాను వెళ్లేది పరలోకపు ఇంటికేనని ధైర్యం చెప్పాడు. ఇంతవరకు ఏ వీరుడి చివరి ఉత్తరమైనా ఇలాగే ఉంటుంది. ఆ తర్వాత, ఏ ముందుమాటా లేకుండా, ఈ గొడవలోకి అసలు దిగకుండా ఉండాల్సింది, ఆ దేవుడి సాక్షిగా అలా ఉంటేనే నాకు బాగుండేది, ఇప్పుడు జరిగిపోయింది, అనుభవించాల్సిందే అంటాడు. అరవై రెండుమందిలో ఈ లోకం నుంచి పోయేవాణ్ణి నేనొక్కణ్ణే అని లెక్క కూడా చెబుతాడు.

ఈ రెండో మాటను ఏం చేయాలి? వీరగాథకు పనికి వచ్చేది మొదటి మాటే. క్రమశిక్షణ పాఠం చెప్పేవారికి పనికి వచ్చేది రెండోది. నాకు మాత్రం ఆ రెండూ ఒకే చేయి, ఒకే కాగితం మీద, ఒకే పూట రాసినవని మరిచిపోకూడదనిపిస్తుంది. పశ్చాత్తాపం వల్ల అతని దేశభక్తి తగ్గలేదు. దేశభక్తి అతని పశ్చాత్తాపాన్ని చెరిపెయ్యలేదు. పైగా అది ప్రజలకు రాసిన ప్రకటన కాదు, తల్లికి రాసిన ఉత్తరం. కొడుకు తల్లి దగ్గర దాచలేనిది దాచలేదు. ఇరవై దాటిన కుర్రవాడు, తెల్లవారితే చావు ఉన్నవాడు, అమ్మా తప్పు చేశానేమో అని కూడా అనలేకపోతే ఇక ఎవరితో అనాలి?

ఓడ టపా లెక్కన ఆ ఉత్తరం టిరెల్స్‌పాస్ చేరేసరికి అతని సమాధి మీద గడ్డి మొలిచి ఉంటుంది.

ఆ వారం ఐర్లండ్‌లో శోకానికి కొదవ లేదు. అక్టోబరు 25న కార్క్ మేయరు టెరెన్స్ మాక్‌స్వీనీ లండన్‌లోని బ్రిక్స్‌టన్ జైలులో 74 రోజుల నిరాహారదీక్ష తర్వాత మరణించాడు. నవంబరు 1న పద్దెనిమిదేళ్ల విద్యార్థి కెవిన్ బారీని డబ్లిన్‌లో ఉరితీశారు. మర్నాడు డాలీ. మొదటి ఇద్దరూ మరణించినప్పుడు జైలు బయట జనం ఉన్నారు, ప్రార్థనలు ఉన్నాయి, పత్రికలు ఉన్నాయి. దగ్షాయిలో దేవదారు చెట్లు ఉన్నాయి.

తిరుగుబాటు నేరానికి మరణశిక్ష పొందిన చివరి బ్రిటిష్ సైనికుడు డాలీ అని తరచూ రాస్తుంటారు. 1942 ఆగస్టులో కోకోస్ దీవుల తిరుగుబాటుకు గాను ముగ్గురు సిలోన్ సైనికులను ఉరితీశారు. వారూ తొడిగింది ఆ రాజుగారి యూనిఫారమే. లెక్కలో వారెందుకు రాలేదో వేరే చెప్పనవసరం లేదు.

తర్వాతి సంగతులు త్వరగానే చెప్పవచ్చు. శిక్షపడ్డవారిని ఇంగ్లండ్ జైళ్లకు తరలించారు. 1922 జూన్ 12న కన్నాట్ రేంజర్లు సహా దక్షిణ ఐర్లండ్ రెజిమెంట్ల జెండాలను విండ్సర్ కోటలో రాజుకు అప్పగించారు. చెందుర్తి పేరు మోసిన మన్‌స్టర్ ఫ్యూసిలియర్స్ కూడా అందులో ఉన్నారు. జూలై 31న ఆ రెజిమెంట్లన్నీ రద్దయ్యాయి. తిరగబడినవారు 1923 జనవరిలో విడుదలై ఇంటికి వచ్చేసరికి అక్కడ అంతర్యుద్ధం నడుస్తోంది. బ్రిటిష్ సైన్యంలో చేరినందుకు ఒకరికి, ఆ సైన్యంలో తిరగబడినందుకు మరొకరికి వారు పనికిరారు. ఉద్యోగం అడిగితే ఇద్దరూ తలుపు వేసేవారే. వారికి పింఛను ఇవ్వడానికి చట్టం రావడానికి 1936 దాకా పట్టింది. పదేళ్లకు పైగా గడిచాక, స్వాతంత్ర్య పోరాట సాక్ష్యాలను సేకరించిన ప్రభుత్వ సంస్థకు హాస్ వాంగ్మూలమిచ్చాడు. ఈ కథలో మనకు తెలిసినదాంట్లో చాలాభాగం అలాంటి వాంగ్మూలాల చలవే.

1970లో మూడు పేటికలు వెళ్లాయి. సియర్స్, స్మిత్‌లను డబ్లిన్‌లోని గ్లాస్‌నెవిన్ శ్మశానంలో, డాలీని టిరెల్స్‌పాస్‌లో ఖననం చేశారు. ఆ రాత్రి సోలన్ కొండమీద చెప్పిన చిరునామాకే అతను చేరాడు.

తిరుగుబాటులో చేరి, శిక్షాకాలంలో దగ్షాయి జైలులోనే జబ్బు చేసి చనిపోయినవాడు మరొకడు ఉన్నాడు. జాన్ మిరాండా. అతను ఐరిష్ వాడు కాదు, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ కుర్రవాడు. ఏ ఊరి నుంచి వచ్చిన ఉత్తరం విని అతను కాపలాగదికి నడిచాడో ఏ వాంగ్మూలమూ చెప్పదు. ఆ మూడు పేటికల్లో అతనిది లేదు.